బెంగళూరు చలికాలం: పూయని చామంతి, అపార్ట్‌మెంట్ భోగి, అనపకాయల కాలం

కృష్ణలంక | డిసెంబరు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వేసవి తర్వాత విజయవాడ నుంచి బెంగళూరు వచ్చాం. ఇక్కడ మాకిది తొలి చలికాలం. రెండు సందేహాలున్నాయి.

మొదటిది మొక్కల సంగతి. మూడో అంతస్తు, తూర్పు ముఖం బాల్కనీ, ఎండకు లోటు లేదు. సెప్టెంబరులో తెచ్చిన చామంతులు గుబురుగా ఎదిగాయి గాని ఒక్క మొగ్గ లేదు. కింద తోపుడుబండి మీద బుట్టలకొద్దీ చామంతులు వెళ్తుంటే కడుపు మండుతోంది. గోంగూరది దీనికి తలకిందుల వ్యవహారం. అప్పుడే ఆకు చిన్నదై పూతకొచ్చేసింది. కరివేపాకు పసుపెక్కి ఆకులు రాలుస్తోంది.

రెండోది సంక్రాంతి. బాబుకు మూడో ఏడు. భోగిపళ్ళు పోయాలి. ఈసారి ఊరికి వెళ్ళడం కుదరదు. ఇక్కడ మాకు తెలిసినవాళ్ళు లేరు, లిఫ్టులో నవ్వుకోవడం వరకే పరిచయం. పేరంటానికి ఎవరిని పిలవను? రేగిపళ్ళు ఎక్కడ దొరుకుతాయి? భోగిమంట వేయనిస్తారా?


ఆదిలాబాదీ | డిసెంబరు 2, రాత్రి 10:05

బెంగళూరులో చలికాలమా! పదహారు డిగ్రీలకే మంకీ క్యాపు పెట్టి పార్కుకు బయలుదేరే జనాన్ని నేను ఈ ఊరిలోనే చూశాను. మా ఆదిలాబాద్‌లో ఐదారు డిగ్రీలకు దిగినప్పుడు కూడా పిల్లలు బడికి వెళ్ళేవారు. మీ కరివేపాకుకు చలి కాదు, గారాబం ఎక్కువై ఉంటుంది.


హనుమంతనగర | డిసెంబరు 3, ఉదయం 6:15

ఆదిలాబాదీ గారూ, ఈ ఊరిని మరీ తీసిపారేయకండి. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది. ఇప్పటికీ ఆ రికార్డు అలాగే ఉంది. రోజూ అలా ఉండదు నిజమే. జనవరి రాత్రి సగటు పదహారుకు అటూ ఇటూ, పగలు ఇరవై ఏడు, ఎనిమిది. ఎండలో నిలబడితే చలికాలమని చెప్పినా నమ్మబుద్ధి కాదు. అసలు వణికించేది మబ్బు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మద్రాసు వైపు వాన, మాకు ఇక్కడ ముసురు. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను వచ్చినప్పుడు పగలూ రాత్రీ తేడా లేకుండా చలి. ఈ ఇళ్ళలో మొజాయిక్ నేల, వెచ్చబెట్టే ఏర్పాటు ఏదీ ఉండదు. మా తాతగారు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన ఉన్ని శాలువా మార్గశిరంలో బయటికి వచ్చేది, శివరాత్రికి గాని పెట్టెలోకి వెళ్ళేది కాదు.

కృష్ణలంక గారూ, సంక్రాంతి సంగతి సాయంత్రం తీరికగా రాస్తాను. రేగిపళ్ళకు దిగులు పడకండి.


మేడమీద తోట | డిసెంబరు 3, ఉదయం 7:30

కృష్ణలంక గారూ, చామంతికి మందులూ ఎరువులూ ఏమీ కొనకండి. ముందు రెండు సంగతులు చెప్పండి. చామంతీ గోంగూరా ఒకే బాల్కనీలో ఉన్నాయా? రాత్రి పదకొండింటికి ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి చామంతి దగ్గర నిలబడితే వార్తాపత్రికలో శీర్షికలు చదవగలరా?


కృష్ణలంక | డిసెంబరు 3, మధ్యాహ్నం 1:10

ఒకచోట కాదండి. గోంగూర వంటింటి వెనక చిన్న బాల్కనీలో ఉంది, చామంతి ముందు బాల్కనీలో. శీర్షికలేమిటి, పెళ్ళి ప్రకటనలు కూడా చదవవచ్చు. ఎదురు బ్లాకు వారు పెట్టిన ఫ్లడ్‌లైటు తెల్లవార్లూ మా బాల్కనీలోకే కొడుతుంది. మేం కర్టెన్లు కూడా మందపువి వేయించుకున్నాం.


మేడమీద తోట | డిసెంబరు 3, రాత్రి 8:20

దొరికింది. మీ చామంతికి ఇంకా చలికాలం రాలేదు.

చామంతి పూతకు రావాలంటే కావలసింది నిడివైన చీకటి. పగలు కురచై, రాత్రి ఒక హద్దు దాటి పొడవైనప్పుడే అది మొగ్గ కడుతుంది. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో పగలు దాదాపు 12 గంటల 50 నిమిషాలు, డిసెంబరు మూడో వారంలో సుమారు 11 గంటల 20 నిమిషాలు. మనకు ఈ గంటన్నర తేడా తెలియదు. ఆకుకు తెలుస్తుంది. ఆ రాత్రి మధ్యలో వెలుతురు పడిందంటే మొక్క లెక్కకు అది ఒక రాత్రి కాకుండా రెండు చిన్న రాత్రులవుతుంది. ఇంకా వేసవే అనుకుని ఆకులు వేసుకుంటూ పోతుంది. మీ దగ్గర జరుగుతున్నది అదే. గుబురు చూసి మురిసిపోకండి, అది పూయకపోవడం వల్ల వచ్చిన గుబురు.

రైతులు ఈ సంగతినే లాభానికి వాడుకుంటారు. రాత్రిపూట చిక్కబళ్ళాపుర వైపు వెళ్ళి చూడండి, చామంతి పొలాల మీద వరుసగా బల్బులు వేలాడుతూ జాతర జరుగుతున్నట్టు ఉంటుంది. మొక్క తగినంత ఎత్తు ఎదిగేదాకా లైట్లు వేసి పూతను ఆపుతారు, పండగకు ధర పలికే వేళ చూసుకుని ఆర్పేస్తారు. వారు తెలిసి చేసే పని మీ బాల్కనీలో ఎదుటివారి ఫ్లడ్‌లైటు ఉచితంగా చేసిపెడుతోంది!

గోంగూరదీ ఇదే తత్వం. వెనక బాల్కనీలో చీకటి ఉంది కాబట్టి అది కాలం తెలుసుకుని పూతకు వచ్చింది. దాన్నిక ఆకు కోసం వేధించకండి. కాయలు ఎండనిచ్చి గింజ దాచుకుని, ఎండలు ముదిరాక విత్తండి. అంతవరకు మెంతి, కొత్తిమీర, పాలకూర వేసుకోండి. ఈ ఊరి చలికి అవి బ్రహ్మాండంగా వస్తాయి. బీర, దోస జోలికి ఇప్పుడు వెళ్ళవద్దు.

చామంతికి చేయవలసింది ఒకటే. సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ గాని అట్టపెట్టె గాని బోర్లించి, ఉదయం ఏడింటికి తీయండి. ఒక్క రాత్రి కూడా తప్పకూడదు. నాలుగు వారాలు దాటాక మొగ్గ కనబడాలి, పువ్వు విచ్చడానికి మరో నెల పైన. లేదంటే ఆ లైటును ఆర్పించండి.

కరివేపాకు వెచ్చదనం కోరే చెట్టు. రాత్రి పదహారు కంటే దిగితే ఎదుగుదల ఆపేస్తుంది. పసుపెక్కిందని నీళ్ళు ఎక్కువ పోస్తే వేరు కుళ్ళుతుంది. పైన రెండంగుళాల మట్టి ఆరాకే, అదీ ఉదయంపూట పోయండి. ఎవరైనా పుల్లమజ్జిగ పోయమంటారు. పోస్తే పోయండి, నా అనుభవంలో దాని వల్ల చెడిందీ లేదు, బాగుపడిందీ లేదు. ఫిబ్రవరి చివర కొమ్మలు కత్తిరిస్తే చిగురు అదే వస్తుంది.


నైట్‌షిఫ్ట్ | డిసెంబరు 3, రాత్రి 11:55

నేనూ రాత్రంతా ట్యూబ్‌లైటు కిందే పని చేస్తాను. నాకింకా పెళ్ళి కుదరకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.


పలమనేరు | డిసెంబరు 4, ఉదయం 8:45

తోటవారు చెప్పింది మా అనపకాయలకు, అదే చిక్కుడు జాతి కాయలకు, కూడా వర్తిస్తుంది కదా? చిన్నప్పుడు మా పొలం గట్ల మీద అనప తీగలు వానాకాలమంతా ఊరికే పాకేవి. చలి పడితే గాని పూత వచ్చేది కాదు. మంచుకు పూస్తుందని మా నాయన అనేవారు.


మేడమీద తోట | డిసెంబరు 4, ఉదయం 9:30

సరిగ్గా అదే. పాత రకాలన్నీ రాత్రి పొడవు చూసి పూసేవే. ఈ అనపకాయనే కన్నడం వారు అవరేకాయి అంటారు, అవరేకాయి అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి అని పేరు పడిందందుకే. హెబ్బాళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పగటి నిడివితో పని లేకుండా కాసే రకాలు తీశారు, హెబ్బాళ అవరే 3, 4 అని. వాటివల్ల ఇప్పుడు ఎండాకాలంలోనూ దొరుకుతోంది. దొరకడం వేరు, రుచి వేరు. ఆ కాయ మీద అంటుకునే నూనె వాసన, ఇక్కడివాళ్ళు సొగడు అనేది, చలికాలపు కాయకున్నంతగా మిగతా కాలాల కాయకు ఉండదని నా అభిప్రాయం. మా ఇంట్లో ఏకాభిప్రాయం.


పలమనేరు | డిసెంబరు 4, ఉదయం 10:10

మా ఇంట్లో కూడా! సంక్రాంతి రోజుల్లో మాకు దోసెల్లోకి పితికిపప్పు లేకపోతే పండగ కాదు. కృష్ణలంక గారూ, మీ కోస్తా వైపు అంతగా అలవాటు లేదేమో, ఒకసారి చేసి చూడండి. గింజలు ఒలిచి రాత్రి నీళ్ళలో వేయండి. పొద్దున ఒక్కొక్క గింజను బొటనవేలితో నొక్కితే పప్పు చటుక్కున బయటికి దూకుతుంది, తోలు చేతిలో ఉంటుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అల్లం, ధనియాలు, కొబ్బరి నూరి, టమేటా వేసి ఉడికించడమే. పప్పు మెత్తబడాలి గాని చితికిపోకూడదు. దోసె, ఇడ్లీ, రాగిసంగటి, దేనిలోకైనా సరే.

పని ఎక్కువని భయపడకండి. బసవనగుడి, వి.వి.పురం వైపు పితికిన పప్పే కొలిచి అమ్ముతారు, ధర మాత్రం చురుక్కుమంటుంది. జనవరిలో అవరేకాయి మేళా కూడా పెడతారు. అదివరకు వి.వి.పురం సజ్జనరావు సర్కిల్ దగ్గర తినుబండారాల వీధిలో జరిగేది, 2023లో నేషనల్ కాలేజీ మైదానానికి మార్చారు. అక్కడ అవరేబేళె దోసె నుంచి జిలేబీ దాకా అన్నీ ఆ గింజతోనే. జిలేబీ ఒకసారికి చాలు.


హనుమంతనగర | డిసెంబరు 4, సాయంత్రం 5:20

ఇక భోగిపళ్ళు. గాంధీబజారులో గాని, మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో గాని పండక్కు మూడు నాలుగు రోజుల ముందు వెళ్ళి ‘ఎలచి హణ్ణు’ అని అడగండి. రేగిపళ్ళే. కన్నడిగుల ఇళ్ళలోనూ సంక్రాంతికి చిన్నపిల్లల తలమీద రేగిపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర డబ్బులు కలిపి పోస్తారు. అందుకే చెబుతున్నాను, పేరంటానికి తెలుగువాళ్ళనే వెతకనక్కరలేదు. మీ అంతస్తులో కన్నడ కుటుంబం ఉంటే పిలవండి, మీకంటే వాళ్ళకే ఎక్కువ హడావిడి. వాళ్ళ ఎళ్ళు బెల్ల మీ ఇంటికి వస్తుంది: వేయించిన నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశెనగ, పుట్నాలు, పైన పంచదార అచ్చు బొమ్మలు. మీరు అరిసెలో, నువ్వుండలో ఇచ్చి పంపండి. అంతకంటే సులువైన పరిచయం ఈ ఊరిలో లేదు.

కార్తీకం చివరి సోమవారం నాటి కడలెకాయి పరిషెకు, అంటే వేరుశెనగ జాతరకు, ఈ ఏడాది ఆలస్యమైపోయారు. బసవనగుడిలో పెద్ద నంది గుడి దగ్గర వీధులన్నీ వేరుశెనగ గుట్టలే. కోలారు, చింతామణి వైపు రైతులు, మన ఆంధ్ర రైతులు కూడా కొత్త పంట తెచ్చి పోస్తారు. వచ్చే ఏడు మాత్రం వదలకండి.


కృష్ణలంక | డిసెంబరు 5, ఉదయం 11:00

ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. అట్టపెట్టెలు బోర్లించడం మొదలుపెట్టాను. మా వారు ‘కోళ్ళను కమ్ముతున్నావా’ అంటున్నారు. ఎదుటివారిని లైటు ఆర్పమని అడగడానికి మొహమాటంగా ఉంది. పువ్వు పూయడం లేదండీ అని చెప్తే నవ్వరూ?


ఇద్దరు పిల్లల తల్లి | డిసెంబరు 5, మధ్యాహ్నం 12:30

నవ్వితే నవ్వనివ్వండి, అడగండి. దొంగల భయం ఉన్నవారికి మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్ లైటు చాలు, కరెంటూ మిగులుతుంది.

కానీ భోగిమంట విషయంలో ఒక మాట అనక తప్పదు. నా చిన్నవాడికి ఉబ్బసం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో చల్లగాలి నేలకు అంటిపెట్టుకుని ఉంటుంది, పొగ పైకి పోదు. తెల్లవారుజామున నాలుగింటికి వేసిన మంట పొగ ఎనిమిది దాకా మా కిటికీల దగ్గరే. పోయిన ఏడాది మా సముదాయంలో భోగి పేరుతో పాత పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు కాల్చారు. ఆ రోజంతా మేం నెబ్యులైజర్ ముందు కూర్చున్నాం. నగరంలో బహిరంగంగా చెత్త తగలబెట్టడం నిషిద్ధం కూడా. సంప్రదాయం మీద నాకు కోపం లేదు. అయితే ఆరుబయట పల్లెలో వేసిన మంటా, ఎనిమిది అంతస్తుల నడుమ గోతిలాంటి స్థలంలో వేసే మంటా ఒకటి కావు.


పలమనేరు | డిసెంబరు 5, మధ్యాహ్నం 1:15

పిల్లవాడి ఆరోగ్యం ముందు ఏదీ ఎక్కువ కాదమ్మా. పరుపులు కాల్చినవారిది భోగి కాదు, చెత్త వదిలించుకోవడం. అయితే మంటే వద్దంటే మా పిల్లలకు భోగి అంటే సెలవు తప్ప ఇంకేమీ మిగలదు. ఇక్కడి పల్లెల్లో సంక్రాంతి సాయంత్రం కిచ్చు హాయిసువుదు అని పశువులను మంట దాటిస్తారు, ఊరంతా చూడటానికి వస్తుంది. మంట అందరిదీ.


హనుమంతనగర | డిసెంబరు 5, రాత్రి 7:45

మా వీధి పద్ధతి చెబుతాను. పిడకలు, ఎండు కొబ్బరి మట్టలు, కాస్త నెయ్యి. మరేదీ వేయనివ్వం. ఇనుప తట్టలో ఇసుక పోసి దాని మీద మంట, లేకపోతే వేడికి నేల మీద రాళ్ళు పగిలి మరమ్మతు ఖర్చు మీద పడుతుంది. తెల్లారాక ఆరున్నరకు వేసి అరగంటలో ఆర్పేస్తాం. పిల్లలు పిడకల దండలు తెచ్చి వేస్తారు. గాలి ఆడని చోటైతే ఇది కూడా వద్దని నేనే అంటాను.


ఆదిలాబాదీ | డిసెంబరు 5, రాత్రి 9:00

ఇద్దరు పిల్లల తల్లి గారి మాటే నాకు సరి అనిపిస్తోంది. మంట చలి కాచుకోవడానికి పుట్టింది. ఈ ఊరిలో కాచుకునేంత చలి ఎక్కడిది? మా ఇంట్లో ఆ రోజు సకినాలు చేస్తాం, గాలిపటాలు తెస్తాం, ముగ్గులేస్తాం. పొయ్యి మీద నూనె కాగే మంట చాలదా?


కృష్ణలంక | డిసెంబరు 14, రాత్రి 9:15

లైటు సంగతి అడిగాను. ఎదుటివారు హాసన్ వాళ్ళు, పెద్దాయన పదవీ విరమణ చేశారు. కింద స్కూటర్లలో పెట్రోలు దొంగతనం అవుతోందని ఆ లైటు పెట్టించారట. నేను చామంతి మాట ఎత్తగానే ఆయన నవ్వలేదు, బాల్కనీలోకి వచ్చి చూశారు. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లైటు ముఖం నేలకు వంచించారు. వాళ్ళావిడ వచ్చి అట్టపెట్టెల కింద ఏముందో చూసి, కుంకుమ పెట్టించుకుని, మా బాబును ఎత్తుకుని వెళ్ళారు. గంట తర్వాత తెచ్చి ఇచ్చారు. కాస్త వెలుతురు ఇంకా పడుతోంది కాబట్టి పెట్టెలు మానలేదు.

ఇంకో బెడద. వెనక బాల్కనీలో చిక్కుడు తీగ చివర్లనిండా నల్లటి పేను, చీమలు బారులు తీరాయి. గులాబీ ఆకుల మీద తెల్లటి బూడిద.


మేడమీద తోట | డిసెంబరు 15, ఉదయం 7:00

చిక్కుడు మీద ఉన్నది పేనుబంక. చీమలు దాని తీపి జిగురు కోసం కాపలా కాస్తాయి. గట్టి నీటిధారతో కడగండి. రెండు రోజుల తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. గులాబీది బూడిద తెగులు, చలి ఉదయాలూ ఎండ పగళ్ళూ దానికి అనువు. నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లో గంధకం కొట్టకండి, ఆకు మాడుతుంది. చిక్కుడుకూ గులాబీకీ వేర్వేరు సీసాలు పెట్టుకుంటే తికమక ఉండదు.


కృష్ణలంక | జనవరి 16, సాయంత్రం 4:30

పండగ అయింది. ఎలచి హణ్ణు అని అడిగితే గాంధీబజారులో చటుక్కున తూచి ఇచ్చారు. హాసన్ ఆవిడ తన చుట్టాలను ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చారు, పక్క బ్లాకులో ఒక ఒంగోలు కుటుంబం కూడా ఉందని ఆవిడ ద్వారానే తెలిసింది. బాబు తల మీద పోసిన నాణేలను పిల్లలు ఏరుకోవడం చూసి, తనకు పోసినవి తనకే కావాలని వాడు ఏడ్చాడు. గొబ్బెమ్మలకు గుమ్మడిపువ్వు దొరకలేదు, బంతులే పెట్టాం. చామంతులకు చిన్న మొగ్గలు వచ్చాయి, విచ్చడానికి ఇంకా సమయం ఉంది.

భోగిమంట హనుమంతనగర గారి పద్ధతిలోనే వేశారు. అయినా పై అంతస్తు నుంచి ఒకాయన పొగ వచ్చిందని సంఘానికి ఫిర్యాదు రాశారు. వచ్చే ఏడాదికి ఓటు పెడతామంటున్నారు. నేను ఎటు వేస్తానో తెలియదు.


ఇద్దరు పిల్లల తల్లి | జనవరి 16, సాయంత్రం 5:10

ఆయన ఎవరో గాని నా వైపు నుంచి నమస్కారం చెప్పండి.


హనుమంతనగర | జనవరి 16, రాత్రి 8:00

సంక్రాంతి సాయంత్రం మా పక్కనే గవి గంగాధరేశ్వర గుడిలో సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్య నుంచి లింగాన్ని తాకుతాయి. ఈసారి మబ్బు వచ్చి కాసేపే పడ్డాయి, జనం మాత్రం వీధి చివరి దాకా.

ఇక గణతంత్ర దినం లోపు లాల్‌బాగ్ పూల ప్రదర్శన. ఆదివారం, సెలవు రోజు వద్దు, పూల బదులు తలకాయలు చూసి రావాలి. ఎవరెవరు వస్తారు?


మేడమీద తోట | జనవరి 16, రాత్రి 8:40

నేను వస్తాను. గ్లాస్ హౌస్‌లో పూలతో కట్టిన బొమ్మ చుట్టూ అందరూ ఫోటోలు దిగుతారు. నా దృష్టిలో అసలు ప్రదర్శన బయట ఉంది, ఇళ్ళలో కుండీలు పెంచేవాళ్ళు పోటీకి తెచ్చినవి. ఆ గ్లాస్ హౌస్ 1889 నాటిది. ఇంగ్లండు యువరాజు ఆల్బర్ట్ విక్టర్ వచ్చినప్పుడు పునాది వేశారు. తోట మాత్రం అంతకుముందు 1760లోనే హైదర్ అలీ మొదలుపెట్టినది. 1908లో వచ్చిన క్రుంబీగల్ అనే జర్మన్ తోటమాలి ఈ ఊరి వీధుల్లో ఒక చెట్టు పూత ముగిసేసరికి మరొకటి పూసేలా నాటించాడు. జనవరి, ఫిబ్రవరిల్లో గులాబీరంగు టబెబూయియాలు, ఆ వెనక పసుపువి, మార్చి దాటాక నీలి జకరండా. ఇవి అమెరికా ఖండపు చెట్లు, మన పక్షులకూ తుమ్మెదలకూ కానుగ చేసినంత మేలు చేయవు. అయినా కబ్బన్ పార్కులో ఆకు లేకుండా పూసిన టబెబూయియా కింద నిలబడి ఈ వాదన చేయడం నాకు చేతకాదు.


నైట్‌షిఫ్ట్ | జనవరి 16, రాత్రి 11:30

నాకు గురువారం సెలవు. మొక్కలు కొనడం కూడా అక్కడేనా?


హనుమంతనగర | జనవరి 17, ఉదయం 6:30

ప్రదర్శనలో కొనకండి. బయటికి వచ్చి సిద్ధాపుర వైపు నడిస్తే వరుసగా నర్సరీలే. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి. గురువారం ఉదయం ఏడింటికి లాల్‌బాగ్ మెట్రో స్టేషన్ బయట కలుద్దాం. బండ్లు తేకండి, నిలపడానికి చోటుండదు. ముందు గుట్ట ఎక్కి కెంపేగౌడ గోపురం చూసి, ప్రదర్శన తలుపులు తెరిచే వేళకు దిగుదాం. ఏడుంబావు దాటితే ఎవరి కోసమూ ఆగేది లేదు.